దసరా తర్వాత మెరిసిన సముద్రపు మట్టి

పోయిన నెల తిమ్మాజిపేట నుంచి ఒక అమ్మాయి గద్వాలలో మా ఇంటికి వచ్చింది. జియాలజీ చదివింది. సముద్రంలో చమురు, గ్యాసు వెతికే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నేనూ అదే పని చేసి రిటైరయ్యానని ఎవరో చెబితే, నాలుగు ముక్కలు అడుగుదామని వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా, ఒకటే ప్రశ్న అడిగాడు.

"మేడం, ఓడ మునిగితే ఎట్ల?"

నాకు నవ్వాగలేదు. "మునిగితే అందరం మునుగుతం. గా మాట ఇడిసిపెట్టుండ్రి. మీ బిడ్డకు ఈత కన్న ముందుగాల చేతులు కడుగుడు నేర్పియ్యిండ్రి" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. పిల్లకూ అర్థం కాలేదు. మర్యాదకు తలూపి వెళ్లిపోయారు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక పూట పట్టే ముచ్చట అది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు, బదిలీలు ఉండవు. అవి ఎవరికి కావాలి? నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నది పని. పని నేర్పిన ఒక మనిషి.

మన్ను కోసం గంత దూరమా?

మాది మగ్గం ఇల్లు. నాయన చీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేను వనపర్తిలో డిగ్రీ, హైదరాబాదులో పై చదువు చదివి, ఉద్యోగం కాగితం పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు అమ్మ అడిగింది.

"ఏం పని బిడ్డా?"

"సముద్రం అడుగు నుంచి మన్ను తీసి పరీక్ష చేసుడమ్మా."

అమ్మ కండె చుట్టడం ఆపింది. "మన్నా? మన్ను కోసం గంత దూరం పోవాల్నా? పెద్దమందడిల మీ మామ చేన్ల కావాల్సినంత ఉంది. తట్టల నింపుకొస్తడు. ఇంట్ల కూసోని పరీక్ష చేసుకో."

నాయన మగ్గం గుంటలోంచే నవ్వాడు. "పోనియ్యే. చదివిన పిల్ల. గా మన్నుల ఏమున్నదో ఏమో, మనకేం తెల్వదు" అన్నాడు.

ఆ మన్నులో ఏముంటుందో ఇప్పుడు మీకు చెబుతాను. సముద్రం అడుగున, ఎంతో లోతున, రాళ్ల పొరల్లో చమురు, గ్యాసు చిక్కుకుని ఉంటాయి. పైన గట్టి రాయి మూతలా ఉన్నా, చాలా చోట్ల కొంచెం కొంచెంగా పైకి ఊరుతుంటాయి. పక్కింట్లో మిరపకాయల తాళింపు వేస్తే మనింట్లో తుమ్ము వచ్చినట్టే. శబ్దం కిందికి పంపి రాళ్ల ఆకారం చూసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లు కింద గిన్నె ఉందని చెప్పగలరు. గిన్నెలో పప్పు ఉందో లేదో చెప్పలేరు. వాసన పట్టడం మా వంతు.

ఓడ మీది నుంచి ఇనుప తాడుకు ఒక పొడవాటి, బరువైన ఇనుప గొట్టం కట్టి వదులుతాం. అది పోయి అడుగు బురదలో దిగబడుతుంది. దాని లోపల ఇంకో ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, బురద దాంట్లో నిండుతుంది. పైకి లాగి, ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని బురదతో సహా ముక్కలుగా కోసి, ఆ మట్టి ముక్కలను చెదరకుండా డబ్బాల్లో పెట్టి, సూక్ష్మజీవులు చచ్చే మందు కలిపి మూత బిగిస్తాం. మందు ఎందుకంటే, బురదలో బతికే ఆ జీవులు కూడా గ్యాసు పుట్టిస్తాయి. చెరువు బురదలో బుడగలు వస్తాయి చూడండి, అదే. దాన్ని చమురు గ్యాసు అనుకున్నామా, పప్పులో కాలేసినట్టే.

ఓడ మీదే ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. మట్టిని చిన్న గాజు గొట్టంలో వేసి, చమురును కరిగించే ద్రవం పోసి, ఊదా రంగు దీపం కింద పెడతాం. చమురు అంటిన మట్టి అయితే మెరుస్తుంది. లేకపోతే చీకటిగా ఉంటుంది. మా బతుకంతా ఆ మెరుపు కోసమే.

వెంకటరత్నం గారు

నా మొదటి బాసు గురించి రెండే మాటలు చెబుతాను. ఆయన ఏసీ గదిలోంచి బయటికి వచ్చి ఆ గొట్టాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. ఆయన దగ్గర నేను ఏమీ నేర్చుకోలేదు. అలాంటివాళ్లు మీకూ తగులుతారు. పరేషాన్ కాకండి, వాళ్లే ముందు బదిలీ అయిపోతారు.

రెండో బాసు వెంకటరత్నం గారు. రాజమండ్రి మనిషి. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే. ఓడ మీద మొదటి రోజే నా మీద అరిచాడు. అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు జాడీని నేను తెలియక ల్యాబ్ బల్ల మీద పెట్టాను.

"ఏంటమ్మాయ్ ఇది?"

"తొక్కు సార్. మా అమ్మ ఇచ్చింది."

"నూనె కదా! చమురు వెతికే బల్ల మీద నూనె జాడీనా? ఈ జాడీ ఇంకోసారి ఈ గడప దాటిందంటే నేను సముద్రంలో దూకేస్తాను!"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జాడీ ఎత్తుకుని భోజనాల గదిలో పెట్టి వచ్చాను. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆయన ఆ జాడీ ముందు కూర్చుని అన్నంలో కలుపుకుని తింటున్నాడు. "మీ అమ్మగారి చెయ్యి మంచిదమ్మా. కారం మాత్రం ప్రాణం తీస్తోంది" అన్నాడు. ఒడ్డు చేరేసరికి జాడీ ఖాళీ. ఆ తర్వాత నేను ఎప్పుడు గద్వాల వెళ్లొచ్చినా ముందు తొక్కు గురించి అడిగి, తర్వాతే పని గురించి అడిగేవాడు.

ఆడపిల్ల ఓడ మీద ఎందుకని మాట్లాడేవాళ్లు ఆ రోజుల్లో చాలామంది. ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నాకు కడుపులో తిప్పి వాంతులవుతుంటే చేతిలో అల్లం ముక్క పెట్టి, "కక్కుకుంటూనే పని చెయ్యి, నేనూ అలాగే చేశాను" అనేవాడు. ఆ మాట అప్పుడు కటువుగా తోచింది. ఇప్పుడు తలచుకుంటే, అందరితో సమానంగా చూశాడని అర్థమవుతుంది.

ఆయన నేర్పిన మొదటి పాఠం ఖాళీ చోటు పాఠం. చమురు ఉందనుకున్న చోట మట్టి తీస్తే సరిపోదు. దూరంగా, ఏమీ ఉండదని తెలిసిన చోట కూడా తీయాలి. ఓడ అంత దూరం వెళ్లాలంటే అందరికీ విసుగే. కెప్టెన్ గొణిగేవాడు. సార్ వినేవాడు కాదు. "ఏమీ లేని చోటు ఎలా ఉంటుందో తెలియనివాడికి, ఏదో ఉన్న చోటు ఎలా తెలుస్తుందయ్యా?" అనేవాడు.

ఇంత లెక్కగా ఉండే మనిషికి ఒక పిచ్చి ఉండేది. కాకినాడకు చాలా దూరంలో, లోతు నీళ్లలో, ఒక చోటు. కుర్రతనంలో ఆ కింది రాళ్ల ఆకారం చూసినప్పటి నుంచి అక్కడ చమురు ఉందని ఆయన నమ్మకం. ఆఫీసులో దాన్ని 'రత్నం గారి పొలం' అని ఎగతాళి చేసేవాళ్లు. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, చివరికి అక్కడ మట్టి తీయడానికి అనుమతి వచ్చింది. ఒక షరతు పెట్టారు. ఈసారి మట్టిలో జాడ కనబడకపోతే ఆ చోటును ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేస్తారు. ఆయన రిటైర్మెంటు దగ్గర పడింది. ఆయన చేతిలో ఇంకో అవకాశం లేదు.

ఆ ప్రయాణంలో నేను ఆయనతో ఉన్నాను.

పూజ

ముందు అలవాటు ప్రకారం ఖాళీ చోటికి వెళ్లి మట్టి తీశాం. దీపం కింద పెడితే చీకటి. ఉండాల్సింది అదే. అక్కడి నుంచి రత్నం గారి పొలానికి బయలుదేరేసరికి దసరా వచ్చింది.

మన దగ్గర దసరా అంటే తెలుసు కదా. నాగలి పట్టేవాడు నాగలికి, బస్సు నడిపేవాడు బస్సుకు, అన్నం పెట్టే పనిముట్టు ఏదైతే దానికి పూజ చేస్తాం. ఓడ మీద మాకు అన్నం పెట్టేది ఆ ఇనుప గొట్టం. డెక్కు మీద పనివాళ్లందరికీ పెద్ద, సరంగు పోలయ్య. కాకినాడ దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. గొట్టాన్ని పెళ్లికొడుకులా తయారు చేశాడు. తుప్పు చుక్క లేకుండా తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. ఒడ్డు నుంచి తెచ్చి వంటగది ఫ్రిజ్‌లో దాచిన బంతిపూల దండ వేశాడు. కర్పూరం గాలికి ఆరిపోతుంటే మేమంతా చుట్టూ గోడలా నిలబడ్డాం. కొబ్బరికాయ సార్ కొట్టాడు. కాయ సరిగ్గా రెండు చిప్పలైంది.

"బాబుగారూ, ఈపాలి మీ పొలం పండుద్దండి" అన్నాడు పోలయ్య.

సార్ కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. అంత పెద్ద గొంతు మనిషి అంత మెత్తగా నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొలం మీద మొదటి గొట్టం దించాం. పైకి వచ్చిన మట్టిని దీపం కింద పెట్టాను. మెరిసింది! అలా ఇలా కాదు, నీలంగా భగ్గుమంది. నా నోట "ఓరి నాయనో" అని వచ్చేసింది. సార్ వచ్చి చూశాడు. ఇంకో చోట తీశాం, మెరిసింది. మరో చోట, అదీ మెరిసింది. సార్ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, పోలయ్యను కౌగిలించుకుని, పైకి పరుగెత్తి శాటిలైట్ ఫోన్‌లో హెడ్డాఫీసుకు చెప్పేశాడు. "ఉంది సార్! నేను చెప్పలేదా!" అన్న కేక డెక్కు దాకా వినబడింది. ఆ పూట వంటవాడు సేమ్యా పాయసం చేశాడు.

ఆ తర్వాతి రోజు, తిరుగు దారిలో, ఇంకోసారి ఖాళీ చోట మట్టి తీశాం. ముందు తీసిన చోటికి పక్కనే.

అదీ మెరిసింది.

నాయన మగ్గం

సార్‌కు చెబితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ఊట అంత పెద్దదన్నమాట. ఇక్కడి దాకా పాకింది." ఉత్సాహంగా పటం పరిచి చూపించాడు. నేను సరే సార్ అన్నాను. కానీ మనసు కుదుటపడలేదు. దసరాకు ముందు చీకటిగా ఉన్న చోటు దసరా తర్వాత ఎట్ల మెరుస్తుంది? సముద్రం అడుగు మధ్యలో పండుగ చేసుకుందా?

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. దసరాకు మేము మగ్గానికి పూజ చేస్తాం. మగ్గమంతా తుడిచి, నూలును అటూ ఇటూ మోసే నాడెకు, చెక్కలకు నూనె పెట్టి, పసుపు కుంకుమ రాస్తాం. మర్నాడు నాయన మంచి నూలు మగ్గానికి పెట్టేవాడు కాదు. పాత నూలుతో బెత్తెడు బట్ట నేసి, కోసి పక్కన పడేసేవాడు. చిన్నప్పుడు నేను అడిగితే, "పూజ నూనె చీరకు అంటుతది బిడ్డా. గా మరక ఏడు చెరువుల నీళ్లు పోసినా పోదు. మొదటి బెత్తెడు దేవునిది" అన్నాడు.

నేను డెక్కు మీదికి పరుగెత్తాను. "పోలయ్య గారూ, పండుగకు గొట్టాన్ని దేంతో తుడిచారు?"

పోలయ్య సంతోషంగా చెప్పాడు. "డీజిల్‌తోనండి అమ్మగారూ! లోపలా బయటా తళతళలాడించేశాను. లోపల పెట్టే ప్లాస్టిక్ గొట్టాలు కూడా ఒక్కోటీ తుడిశానండి. దేవుడి ముందు పెట్టేటప్పుడు మురిగ్గా ఉంటే బాగోదు గదండీ."

డీజిల్ కూడా చమురే. దీపం కింద అదీ మెరుస్తుంది.

ల్యాబ్‌కు వచ్చి పొలం మీద తీసిన మట్టి ముక్క ఒకటి బయటికి తీశాను. అప్పటిదాకా మేము ముక్క మొత్తం కలిపి పరీక్షించేవాళ్లం. ఈసారి అంచు మట్టి కొంచెం గీకి ఒక గాజు గొట్టంలో వేశాను. ముక్కను చీల్చి, ప్లాస్టిక్కుకు తగలని నడిమి మట్టి ఇంకో గొట్టంలో వేశాను. దీపం వేశాను. అంచు మెరిసింది. నడిమిది చీకటి.

కింది నుంచి ఊరిన చమురైతే నడిమి మట్టిలో కూడా ఉండాలి. అంచున మాత్రమే ఉందంటే అది బయట అంటినది. పోలయ్య డీజిల్.

ఫోన్

సార్ భోజనాల గదిలో ఉప్మా తింటున్నాడు. నన్ను చూసి, "ఏంటమ్మాయ్, మొహం అలా వేలాడేశావు? తొక్కు అయిపోయిందా?" అన్నాడు.

చెప్పాను. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నీకు చమురు దొరకడం ఇష్టం లేదా? పెద్ద సైంటిస్టువైపోయావా?" పళ్లెం తోసేశాడు. ఉప్మా బల్ల మీద పడింది.

"గట్ల కాదు సార్. జర ఒక్కసారి వచ్చి మీ చేతులతో మీరే చూడుండ్రి." భయంలో నాకు మా ఊరి భాష వచ్చేస్తుంది.

వచ్చాడు. నేను ముట్టుకున్న ముక్కలు వద్దన్నాడు. ఇంకో డబ్బా తనే తెరిచాడు. తనే అంచు గీకాడు, తనే నడుమ చీల్చాడు. దీపం వేశాడు. అంచు మెరుపు, నడుమ చీకటి. ఇంకో డబ్బా. మళ్లీ అదే. చేతులు తుడుచుకుంటూ స్టూలు మీద కూర్చుండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. కాసేపటికి లేచి, "రా" అన్నాడు.

పైన కెప్టెన్ గదిలో ఫోన్. హెడ్డాఫీసులో పెద్దాయన ఎత్తాడు. ఆయనది కంచు కంఠం, పక్కన నిలబడ్డ నాకు ప్రతి మాటా వినబడింది. సార్ జరిగింది చెప్పాడు. "నిన్న నేను చెప్పింది తప్పు" అన్నాడు.

అవతల అంతా విన్నారు. తర్వాత పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "ఎందుకంత తొందర రత్నం? నేను పైకి కబురు పంపేశాను. అందరూ సంతోషంగా ఉన్నారు. ఆ డబ్బాల సంగతి నీకు, నాకు తప్ప ఎవరికి తెలుసు? చోటు మన దగ్గరే ఉంటుంది. బావి తవ్వుదాం. ఉందో లేదో బావే చెబుతుంది. నువ్వు కోరుకున్నదే కదా?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకే అనిపించింది. ఊరుకోరాదా సార్, ఒక్క మాట అనకుండా ఫోన్ పెట్టెయ్యరాదా అని. జీవితమంతా అడిగిన బావిని ఎవరో పళ్లెంలో పెట్టి ఇస్తున్నారు. పుచ్చుకోకపోతే అది ఇక ఎప్పటికీ రాదు.

సార్ ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "బావి చెబుతుంది సార్. కానీ తవ్వమని రాసిన కాగితం మీద నా సంతకం ఉంటుంది. డీజిల్ చూసి నేను సంతకం పెట్టలేను. మళ్లీ మట్టి తీస్తాను. ఏది కనబడితే అదే చెబుతాను" అన్నాడు.

ఫోన్ పెట్టేసేసరికి కెప్టెన్ నిలబడి ఉన్నాడు. ఉత్తరాది మనిషి, క్రమశిక్షణ అంటే ప్రాణం. ఇంత నష్టం చేసిన సరంగును ఒడ్డు చేరగానే దింపేస్తానని, మళ్లీ ఓడ ఎక్కకుండా రాస్తానని అన్నాడు. గుమ్మం బయట పోలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మంచి జరగాలనే తుడిశానండి బాబూ, నా పిల్లల మీద ఒట్టు" అంటున్నాడు.

"కొబ్బరికాయ కొట్టింది నేను" అన్నాడు సార్. "దింపేస్తే నన్ను దింపండి. ఆ ప్లాస్టిక్ గొట్టాలు ముట్టుకోకూడదని ఇతనికి అందరూ చెప్పారు. ఎందుకు ముట్టుకోకూడదో ఇన్నేళ్లలో నేను ఒక్కసారైనా చెప్పానా? చెప్పలేదు. తప్పు నాది."

కెప్టెన్ తలూపి, పోలయ్యను పనిలోకి పొమ్మన్నాడు.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు ఇది బాగా పట్టుకోండి. ముట్టుకోవద్దని అరవడం తేలిక. ఎందుకు వద్దో చెప్పడానికి కొంచెం టైం పడుతుంది, కొంచెం ఓపిక కావాలి. ఆ ఓపిక లేక పోయిన పనులు నేను చాలా చూశాను.

చీకటి

ఓడను మళ్లీ పొలం వైపు తిప్పాం. వాయుగుండం వస్తోందని కబురు. పొలమంతా తిరిగి తీసే సమయం లేదు. పొలం నడిమధ్య ఒక్క చోట తీయగలం, అంతే. డెక్కు మీద అందరం కూర్చుని ఇనుప గొట్టాన్ని సబ్బుతో, మంచినీళ్లతో, మళ్లీ సబ్బుతో కడిగాం. సార్ లుంగీ ఎగ్గట్టి మాతోపాటు తోమాడు. తోముతూనే పోలయ్యకు మొత్తం చెప్పాడు, గ్యాసు ఎట్ల ఊరుతుంది, డీజిల్ ఎందుకు మోసం చేస్తుంది, అన్నీ. పోలయ్య నోరు తెరుచుకుని విన్నాడు. పెట్టె విప్పని కొత్త ప్లాస్టిక్ గొట్టాలు తీశాం.

నేను నాయన బెత్తెడు గురించి చెప్పాను. సార్ నవ్వాడు, ఆ రోజు మొదటిసారి. "మీ నాన్నగారి మాటే కానియ్యి" అన్నాడు. మొదట దించిన గొట్టం మట్టిని పరీక్షించకుండా తిరిగి సముద్రంలో వదిలేశాం. పోలయ్య దండం పెట్టి, "గంగమ్మా, ఇది నీదే తల్లీ" అన్నాడు. రెండోసారి దించినది మాది.

నడిమి మట్టి తీసి గాజు గొట్టంలో వేశాను. ల్యాబ్ తలుపు దగ్గర పోలయ్య, అతని మనుషులు, చివరికి కెప్టెన్ కూడా నిలబడ్డారు. దీపం వేశాను.

చీకటి.

"ఇంకోసారి వెయ్యి" అన్నాడు సార్. ఆర్పి మళ్లీ వేశాను. చీకటే. అంచు మట్టి కూడా చూశాను. అదీ చీకటే. ఒడ్డు చేరాక గ్యాసు పరీక్ష కూడా చేశాం. బురద జీవులు పుట్టించిన గ్యాసు కొంచెం ఉంది. చమురు జాడ లేదు. సార్ అదే రాశాడు. చోటు తిరిగి ఇచ్చేశారు. ఆ ఏడే ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఎవరో, "రత్నం గారి పొలంలో చివరికి డీజిల్ పండింది" అని జోకు వేస్తే అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. నేను మాత్రం నవ్వలేకపోయాను. బయటికి వెళ్లి నిలబడ్డాను.

ఆ తర్వాత నేను చాలా ఓడలు ఎక్కాను. పెద్దదాన్నయ్యాను, నా కింద మనుషులు పనిచేశారు. గొట్టం కడిగిన ప్రతిసారీ మొదటి మట్టి సముద్రానికే వదిలాను. ఎందుకు వదులుతున్నానో ప్రతిసారీ, వంటవాడితో సహా, అందరికీ చెప్పాను. అంచు వదిలేసి నడుమ తీయడం మా అందరికీ అలవాటైంది. పూజ కూడా మానలేదు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ ఉంటాయి. గొట్టం లోపలికి మాత్రం దేవుడు కూడా సబ్బుతోనే రావాలి.

రాజమండ్రిలో

సార్‌కు ఒంట్లో బాగోలేదని తెలిసి రాజమండ్రి వెళ్లాను. తొక్కు జాడీ పట్టుకుని వెళ్లాను. ఆయన భార్య జాడీ చూసి, "డాక్టరు కారం వద్దన్నారమ్మా" అంటే, మంచం మీంచి ఆయన, "డాక్టరుకు చెప్పకు" అన్నాడు. గొంతు సన్నబడిపోయింది. కోపం మాత్రం అలాగే ఉంది.

కాసేపు అవీ ఇవీ మాట్లాడాక అడిగాడు.

"అక్కడ ఎవరైనా తవ్వారా?"

ఏ చోటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. "లేదు సార్. ఎవ్వరూ పోలేదు."

"ఉందమ్మా అక్కడ" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. "ఇంకా గట్లనే అనుకుంటున్నారా సార్?"

"అనుకోవడమేంటి. ఉంది. మూత గట్టిది, అందుకే పైకి ఊరలేదు. మట్టిలో జాడ లేనంత మాత్రాన కింద లేదని కాదు కదా. నీకు నేనే కదా చెప్పాను."

"మరి ఆ రోజు ఫోన్‌లో పెద్దాయన తవ్వుదామంటే ఎందుకు వద్దన్నరు సార్? ఒక్క మాట మాట్లాడకుంటే బావి వచ్చేది. మీరు నమ్మిందే కదా!"

ఆయన నా వైపు, తప్పు లెక్క చేసిన పిల్లను చూసినట్టు చూశాడు. "ఉందని నమ్మడం నా సొంత విషయమే. కనబడిందా లేదా అని వాళ్లు అడిగారు. కనబడలేదు. అదే చెప్పాను. ఇందులో ఏముంది?"

తర్వాత కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని లేవబోతుంటే, "ఎవరైనా తవ్వితే ఫోన్ చెయ్యి. ఉందన్నా చెయ్యి, లేదన్నా చెయ్యి" అన్నాడు.

నేను ఫోన్ చేసే అవసరం రాకుండానే ఆయన వెళ్లిపోయాడు. ఆ చోట ఇప్పటికీ ఎవరూ బావి తవ్వలేదు. కింద ఏముందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. చమురు ఉందని ప్రాణం పెట్టి నమ్మిన మనిషి, ఊరికే నోరు మూసుకుంటే బావి దొరికే రోజున, కనబడలేదని తన నోటితో తనే చెప్పాడు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. నా ఉద్యోగంలో నాకు అంతకంటే పెద్ద అదృష్టం ఇంకొకటి లేదు.